మూట వెయ్యి, గంప లక్ష

నా భర్తకు డెంగీ వచ్చినప్పుడు మా అత్తమ్మ భద్రకాళమ్మకు ఒక కొబ్బరికాయ మొక్కింది. రెండేళ్ల తర్వాత అదే జ్వరం మా మరిదికి వస్తే వేయిస్తంభాల గుడి రుద్రేశ్వరుడికి లక్ష వత్తులు మొక్కింది.

మా ఆయన రమాకాంత్‌కు అప్పుడు ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయి. మరిది భానుచందర్‌వి ఇరవై రెండు వేల దగ్గర ఆగాయి. రెండింటిలో ఏది చిన్నదో అయిదో తరగతి చదివే నా కూతురు రుద్రమ కూడా మధ్యలో ఎక్కువ తక్కువల గుర్తు గీసి చూపిస్తుంది. పెద్ద అపాయానికి ఒక్క కాయ, దానికంటే చిన్న అపాయానికి లక్ష వత్తులు. ఈ మాట నేనెవరితోనూ అనలేదు. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ నాలో నేనే అనుకునేదాన్ని.

మొక్కు మొక్కిన రోజు నేనక్కడే ఉన్నాను. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖాన, రెండో అంతస్తు వరండా. మరిదీ, అతని భార్య అయిన నా యారాలు స్నేహలతా హైదరాబాద్‌లో ఉంటారు. శ్రావణం మొదట్లో అందరినీ చూసిపోదామని వచ్చి అతను జ్వరాన పడ్డాడు. డాక్టర్ కాగితం చూసి, "లక్ష దాటాలమ్మా, దాటితేనే ఇంటికి పంపుతం" అని వెళ్లిపోయాడు. స్నేహలత గోడకు ఆనుకుని నేల మీదే కూలబడింది. ఆమె ఏడుపు చూసి పక్క మంచాల వాళ్లు కూడా బయటికి వచ్చారు. అత్తమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, గుడి ఏ దిక్కున ఉందో అటు తిరిగి చేతులు జోడించింది.

"స్వామీ, నా కొడుక్కు లక్ష దాటనియ్యి. కార్తీక పున్నానికి నీ గుళ్ళె లక్ష వత్తులు ఎలిగిస్త. అందాక వాన్ని నా గడప దాటనియ్య."

మామయ్య ఉప్పలయ్య నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "లక్షంటే ఎంతో తెలిసే అంటాందా మీ అత్త?"

"తెలిసే అంటది మామయ్యా" అన్నాను. నాకప్పుడు వినబడింది లక్ష కాదు. అందాక గడప దాటనివ్వనన్న మాట వినబడింది.

ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. భానుచందర్ కరీమాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, మేడమీది గదిలో కంప్యూటర్ పెట్టుకుని అక్కడి నుంచే ఉద్యోగం చేసుకోసాగాడు. స్నేహలత హైదరాబాద్‌లో తాను లెక్కలు చెప్పే బడికి ఫోన్ చేసి, ఇప్పట్లో రాలేనని చెప్పేసింది. అలా వాళ్లు పున్నమి దాకా మా ఇంట్లో ఉండిపోయారు.

పోయినేడు పాలకుర్తి దగ్గర మా చేనులో ఏరిన పత్తి అటక మీద ఒక బస్తా ఉంది. అత్తమ్మ దాన్ని దించి, గింజలు వలిచి, దూదిని మెత్తగా విప్పి వాకిట్లో చాప మీద పోసింది. ఒక గిన్నెలో పాలు పెట్టింది. పాలలో వేలు తడుపుకుని అరచేతుల మధ్య దూదిని నలిపితే సన్నని వత్తి వస్తుంది. మొదటి రోజు నేను చేసినవి పచ్చిమిరపకాయల్లా వచ్చాయి. స్నేహలతవి జడలో ముడిచే దారంలా ఉన్నాయి.

"చేతి వాటం ఉండాలె" అంది అత్తమ్మ. ఎవరి చేతి గురించో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

లెక్క ఎలా పెట్టాలన్నది మొదటి ప్రశ్న. అత్తమ్మకు వందకు ఒక చింతగింజ పక్కన పెట్టడం తెలుసు. స్నేహలత వద్దంది. "గింజలు ఎలుక తీస్కపోతే లెక్క పోతది అత్తమ్మా. పది వత్తులకు ఒక కట్ట కడదాం. పది కట్టలు ఒక పిడి. పది పిడులు పాత చీర ముక్కల మూట. అప్పుడు మూటకు వెయ్యన్నట్టు."

అత్తమ్మ మూలనున్న పెద్ద వెదురు గంపను కాలితో ముందుకు లాగింది. "పది మూటలు గీ గంపల పడ్తయి. గంప లక్ష."

"కట్ట పది, పిడి వంద, మూట వెయ్యి, గంప లక్ష" అంది రుద్రమ చప్పట్లు కొడుతూ. చెవికి బాగుంది. అందరం నవ్వాం. ఆ రోజు నుంచి వాకిట్లో కూర్చున్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఆ మాటే పాడుకున్నాం. మామయ్య పాడాడు, మేడమీది నుంచి దిగివచ్చిన మరిది పాడాడు, నేనూ పాడాను.

రుద్రమ సంగతి కూడా అక్కడే మొదలైంది. దానికి లెక్కల్లో సున్నాలంటే బెదురు. 'మూడు వేల ఏడు' రాయమంటే మొదట 3000 రాసి, దాని పక్కన 7 అంటించేది. ముప్పై వేల ఏడు అయ్యేది. "విన్నది విన్నట్టు రాసుడు కాదే, స్థానాలు చూసుకోవాలె" అని నేను ఏడాది నుంచీ చెబుతున్నాను. చెప్పి, అరిచి, ఒకట్రెండుసార్లు వీపు మీద చరిచి కూడా చూశాను. స్నేహలత ఒక సాయంత్రం దాని ముందు మూడు మూటలు పెట్టింది. పక్కన ఏడు విడి వత్తులు పెట్టింది.

"మూటలెన్ని?"

"మూడు."

"పిడులు?"

"లేవు."

"లేవంటే ఏం పెడ్తవ్?"

రుద్రమ కాసేపు చూసింది. "సున్నా."

"కట్టలు?"

"అవీ లేవు. ఇంకో సున్నా. విడివి ఏడు." పలక మీద 3007 రాసి అది తలెత్తింది. తలెత్తి నా వైపు చూడలేదు. చిన్నమ్మ వైపు చూసింది.

నా బిడ్డకు లెక్క వచ్చిందని సంతోషించాల్సింది నేనే. సంతోషించలేదని కాదు. కానీ ఏడాదిగా నేను గోడకు చెప్పినట్టు చెప్పిన ముక్కను ఇంకొకరు ఏడు వత్తులతో చెప్పేస్తే, ఆ సంతోషం గొంతు దాటి కిందికి దిగలేదు.

తర్వాత అన్నిటికీ చిన్నమ్మే. జడ చిన్నమ్మ వేయాలి. టిఫిన్ డబ్బా చిన్నమ్మ కట్టాలి. "మమ్మీ, నువ్వు ఉప్మల ఉప్పు ఎక్కువేస్తవ్, చిన్నమ్మకు కరెక్ట్ తెలుసు." రాత్రి పక్క కూడా మేడమీదే వేసుకుంటానంది. నేను పోనివ్వలేదు. దోమల మందు వాసన నీకు పడదని చెప్పాను. నిజానికి దోమల మందు కింద కూడా అదే.

ఒకసారి భోజనాల దగ్గర రుద్రమ అడిగింది. "చిన్నమ్మా, వేయిస్తంభాల గుళ్ళె నిజంగ వెయ్యి స్తంభాలున్నయా?"

మామయ్య అందుకున్నాడు. "నేనొకసారి లెక్కపెట్టుడు షురూ చేసిన బిడ్డా. సగమైనంక మీ నాయినమ్మ పులిహోర తిననీకి పిలిచింది. లెక్క తప్పిన."

"పులిహోర తిన్నది నువ్వు, తప్పు నాదా?" అంది అత్తమ్మ.

"కొన్ని తక్కువున్నా, ఎక్కువున్నా వెయ్యే అంటరు" అంది స్నేహలత. "నీకు మొన్న చెప్పిన చూడు. ఏడు వందల ఎనభై ఉంటే దగ్గరి వెయ్యికి ఎటు పోతది?"

"పైకి. వెయ్యికి."

"మూడు వందల ఇరవై ఉంటే?"

"కిందికి. సున్నాకు." ఇంత అన్నం నోట్లో పెట్టుకుని, "పాపం" అంది.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. సగం కంటే తక్కువైతే సున్నా అయిపోతుందన్నది నేను కూడా చదువుకున్నదే. నన్నెవరూ అడగలేదు. పప్పు ఇంకొంచెం వేయనా అని మాత్రం అడిగారు, అంటే నేనే అడిగాను.

బతుకమ్మ రోజుల్లో వత్తులు కాస్త ఆగాయి. దసరా వెళ్లాక మళ్లీ ఊపందుకున్నాయి. దీపావళి అయిన నాలుగు రోజులకు పదో మూట గంపలో పడింది. అత్తమ్మ గంపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్ర జాకెట్టు గుడ్డ కప్పి దేవుని అర్రలో పెట్టింది. వాడకట్టు ఆడవాళ్లు చూసిపోవడానికి వచ్చారు.

"మా అత్త లక్ష వత్తులు చేసేసరికి ఏడాది పట్టింది" అంది అత్తమ్మ వాళ్లతో. "మాకు మూడు నెలలల్ల అయిపాయె. అంత మా చిన్నకోడలి చేతి పని. దాని చేతుల మిషనున్నది."

నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. ఆ గంపలో మూడో వంతైనా నా వత్తులున్నాయి. దొడ్డువే కావచ్చు, కానీ ఉన్నాయి. ఒకామె నన్ను చూసి, "పద్మ కూడా చేసే ఉంటది" అంది. అత్తమ్మ, "ఆ, అదీ చేసింది" అంది.

మర్నాడు పట్టుచీర వచ్చింది. పున్నమి నాడు గంప నెత్తిన పెట్టుకుని గుళ్లోకి నడిచేది స్నేహలత అని, ఆమె పెనిమిటి కోసం మొక్కిన మొక్కు గనుక ఆమే ఎత్తుకోవాలని అత్తమ్మ తేల్చేసింది. స్నేహలతకు ముదురాకుపచ్చ పట్టు. నాకూ ఒక చీర వచ్చింది. మంచిదే. రోజూ కట్టుకోవచ్చు.

ఒక్కటే ఓదార్పు. పున్నమి బుధవారం. ఆదివారం వాళ్ల ప్రయాణం. హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ఇల్లు దొరికింది, బడి వాళ్లు స్నేహలతను తిరిగి రమ్మన్నారు. ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటే నా వంటిల్లు నాది, నా బిడ్డ జడ నాది.

ఆ వారమే రుద్రమ బడి నుంచి పరీక్ష కాగితం తెచ్చింది. పెద్ద సంఖ్యల పాఠం మీద చిన్న పరీక్ష. ఇరవైకి పదిహేడు. తప్పు ఎక్కడుందో చూశాను. 'ఒక లక్షలో ఎన్ని వేలు ఉన్నాయి?' అన్న ప్రశ్నకు అది పది అని రాసింది. టీచర్ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

నాకు లోపలెక్కడో హాయి వేసింది. "చూసినవా మీ చిన్నమ్మ చదువు" అన్నాను. "లక్షల వంద వేలుంటయి. పది కాదు."

"టీచరే తప్పు దిద్దింది" అంది రుద్రమ. "మూట వెయ్యి. గంపల పది మూటలే ఉన్నయి. గంప లక్ష. మరి పదే గదా?"

"నీ మొఖం. ఇటు రా." వాకిట్లో బండ మీద సుద్దముక్కతో గళ్లు గీశాను. కుడి నుంచి ఎడమకు ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు అని రాశాను. "విడి వత్తులు ఏ గల్లల?"

"ఒకట్లల్ల."

"కట్ట?"

"పదులు. పిడి వందలు. మూట వేలు." అది వేలు జరుపుకుంటూ వచ్చింది. మూట దగ్గర నుంచి పక్క గడిలోకి వెళ్లి ఆగింది. "గంప…"

దాని వేలు పదివేల గడిలో ఉంది. దానికి ఎడమన లక్షల గడి ఖాళీగా ఉంది.

అది ఆ ఖాళీ గడిని చూసింది. నేనూ చూశాను. వాకిట్లో ఎవరూ లేరు. దేవుని అర్రలోంచి అగరొత్తి వాసన వస్తోంది.

మూడు నెలలు ఇంటిల్లిపాదీ పాడుకున్నాం. పది, వంద, వెయ్యి, లక్ష. ఒక్కొక్క మెట్టూ పదింతలు ఎక్కుతూ వచ్చి, చివర ఒక మెట్టు దాటేసి దూకాం. పదివేలకు వేరే పేరు లేదు గనుక నోటికి అడ్డం తగల్లేదు. మా ఇంటి లెక్కల టీచరమ్మకూ తగల్లేదు.

"మమ్మీ, మరి మనం…"

"కాగితం లోపల పెట్టు" అన్నాను. "నాయినమ్మకు నేను చెప్త. నువ్వు ఎవ్వరికీ చెప్పకు."

గళ్లను నీళ్లు పోసి కడిగేశాను.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. చెప్పానా, స్నేహలత చేతుల మిషను వాడకట్టంతా నవ్వుకునే మిషను అవుతుంది. పట్టుచీర పెట్టెలోకి పోతుంది. కానీ మొక్కు తీరదు. మొక్కు తీరేదాకా కొడుకును గడప దాటనివ్వనంది అత్తమ్మ. ఆదివారం ప్రయాణం ఆగిపోతుంది. చెప్పకపోతే ఆమె పచ్చపట్టు కట్టుకుని, గంప ఎత్తుకుని, అందరి కళ్ల ముందు నడిచి, ఆదివారం వెళ్లిపోతుంది. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చి పోల్చి నా తల తిరిగింది. గుర్తు ఎటు పెట్టినా దాని తెరిచిన నోరు నా వైపే ఉన్నట్టు అనిపించింది.

ఎవరూ చూడకుండా దేవుని అర్రలోకి వెళ్లి మూటలు మళ్లీ లెక్కపెట్టాను. పది. ఒక మూట విప్పి పిడులు లెక్కపెట్టాను. అవీ పది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా పదివేలు.

మర్నాడు మధ్యాహ్నం మేడమీద ఆరిన బట్టలు తీయడానికి వెళితే స్నేహలత పెట్టె సర్దుతోంది. మంచం మీద పట్టుచీర పరచి ఉంది.

"అక్కా, జర ఇటు రా. ఈ జాకెట్టు చేతులు బిగుతున్నయా చూడు."

చూశాను. "సరిపోయింది" అన్నాను.

"నాకు మనసున పడ్తలేదక్కా. నువ్వు పెద్దకోడలివి. గంప నువ్వు ఎత్తుకుంటేనే మర్యాద. అత్తమ్మకు చెప్తే వింటలేదు." ఆమె చీర మడతపెడుతూ అంది. "రుద్రమను ఎండకాలం సెలవులకు మా దగ్గరికి పంపు. పంపుతవు గదా? దాని లెక్కలు ఇప్పుడిప్పుడే దారిల పడ్డయి. మళ్ల వదిలేస్తే పోతది."

వదిలేస్తే. నేను పక్కనుండగా నా బిడ్డను ఎవరో వదిలేసినట్టు.

"చూద్దాం" అన్నాను. బట్టలు తీసుకుని దిగొచ్చాను. ఆమె గంప విషయంలో అన్న మాట నిజంగానే అందని నాకు తెలుసు. అదే ఇంకా మండించింది.

సోమవారం పొద్దున అందరూ వాకిట్లో టీ తాగుతున్నారు. గంపను గుడి దాకా ఆటోలో తీసుకుపోదామా, ట్రాలీ మాట్లాడదామా అని మామయ్య అడుగుతున్నాడు. డప్పు వాళ్లకు చెప్పావా అని అత్తమ్మ అడుగుతోంది. మరిది ఫోన్ చూసుకుంటున్నాడు. స్నేహలత రుద్రమకు జడ వేస్తోంది. నేను గ్లాసు కింద పెట్టాను.

"అత్తమ్మా, గంపల లక్ష లేవు. పదివేలే ఉన్నయి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. "ఎవలు తీసిండ్రే?" అంది అత్తమ్మ.

"ఎవ్వరు తియ్యలే. మూట వెయ్యి అయితే పది మూటలు పదివేలు. లక్ష కావాలంటే వంద మూటలు. గిసొంటి గంపలు పది నిండాలె."

భానుచందర్ ఫోన్‌లో లెక్క కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు. తర్వాత ఫోన్ బోర్లించి మోకాలి మీద పెట్టుకున్నాడు. స్నేహలత చేతిలో జడపాయలు అలాగే ఉండిపోయాయి. ఆమె పెదవులు కదిలాయి. పది, వంద, వెయ్యి అని మనసులో అనుకుంటోందని తెలిసింది. నాలుగో మాట దగ్గర పెదవులు ఆగిపోయాయి.

"మూట దాక నేనే చెప్పిన" అంది. "గంప దగ్గర… నాకు తట్టనే లేదు అత్తమ్మా."

"ఏం గాదు బిడ్డా" అన్నాడు మామయ్య. "దేవుడేమన్న మూటలు విప్పి చూస్తడా? పదివేలంటే తక్కువనా? ఆయనే పైకి సవరించుకుంటడు."

"కాదు తాతా" అంది రుద్రమ. "పదివేలను దగ్గరి లక్షకు రౌండ్ చేస్తే సున్నా అయితది."

అది చిన్నమ్మ నేర్పిన లెక్కే. ఎవరూ నవ్వలేదు.

అత్తమ్మ నన్ను అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం నుంచి ఇయ్యాల దాక ఏం చేసినవ్?"

"లెక్క సరిచూసుకున్న."

ఆమె నన్ను చూసింది. పద్నాలుగేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర వండుకుంటున్నాం. ఆ చూపు కింద నాకు అన్నీ బయటపడిపోయినట్టు అనిపించింది. అందుకే ఉండబట్టలేక అనేశాను. "లెక్కలు మాట్లాడుకుంటున్నం గనుక అడుగుత. మీ పెద్దకొడుక్కు పద్దెనిమిది వేలకు పడ్డయి. ఒక కొబ్బరికాయ మొక్కిండ్రు. పద్దెనిమిది ఎక్కువనా, ఇరవై రెండు ఎక్కువనా?"

మా ఆయన, "పద్మా" అన్నాడు. నేను ఆగాను.

అత్తమ్మకు కోపం రాలేదు. "అప్పుడు నువ్వున్నవు గదనే" అంది. "రక్తానికి నువ్వే ఉరికినవ్, డాక్టర్‌తోని నువ్వే కొట్లాడినవ్. నాకు ఫికర్ లేకుండె. ఇది చూస్తే నేల మీద పడి ఏడుస్తాంది. నేను దేవుని తప్ప ఎవరిని పట్టుకోవాలె?"

అది పొగడ్తో, ముందు ముందు పనులకు కూడా అప్పగింతో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఆమె లేచి దేవుని అర్ర ముందు నిలబడి, ఎవరినీ చూడకుండా అంది. "డాక్టర్ లక్ష దాటాలన్నడు. ఇరవై రెండు వేలు చాలు, తోలుకపోండ్రి, మిగిలింది మేమే సవరించుకుంటమని అన్నడా? మొక్కింది లక్ష. ఎన్ని కార్తీకాలైనా లక్షే ఎలుగుతది. అందాక ఎవ్వరు కదలద్దు."

"అమ్మా, ఇల్లు మాట్లాడుకున్నం" అన్నాడు భానుచందర్.

"మాట్లాడుకున్నది మళ్ల మాట్లాడుకో. వద్దని."

స్నేహలత జడ పూర్తి చేసి, రబ్బరు బ్యాండు వేసి, రుద్రమను బడికి పంపింది. ఆ తర్వాత మేడమీదికి వెళ్లింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు కిందికి వినిపించింది.

పున్నమికి అందరితోపాటు మేమూ గుడికి వెళ్లి, రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా వత్తులు వెలిగించుకుని వచ్చాం. పదివేల గంప ఇంట్లోనే ఉంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు అత్తమ్మ తనే చెప్పింది, లెక్క తప్పిందని. ఎవరు తప్పారో చెప్పలేదు. స్నేహలత పేరెత్తుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఎత్తలేదు. పట్టుచీర మాత్రం బీరువాలోకి పోయింది. స్నేహలత రంగశాయిపేటలో ఒక బడిలో చేరింది. మేడమీద రెండో పొయ్యి వచ్చింది.

లెక్క నాకు అప్పగించారు. "తప్పు పట్టినదానివి, నువ్వే చూడు" అంది అత్తమ్మ. నేను పాట మార్చాను. కట్ట పది, పిడి వంద, మూట వెయ్యి, గంప పదివేలు. చివరి మాట బరువైపోయి పాట కుంటింది. రుద్రమ ఒకసారి పాడి మానేసింది. వాకిలి గోడ మీద బొగ్గుతో రెండు వరుసలు గీసుకున్నాను. పైది నాది, కిందిది స్నేహలతది. కట్ట పూర్తి కాగానే ఎవరి వరుసలో వాళ్లకు ఒక గీత. ఎందుకిలా విడివిడిగా అని ఎవరూ అడగలేదు. అడిగితే లెక్క తప్పకుండా ఉండటానికని చెప్పేదాన్ని. కింది వరుస ఎప్పుడూ పైదానికంటే బారెడు ముందే ఉండేది.

కార్తీకం చివర ఒక ఆదివారం మధ్యాహ్నం. అత్తమ్మ లోపల పడుకుంది. రుద్రమ గేటు దగ్గర తోటి పిల్లలతో ఆడుకుంటోంది. చాప మీద మేమిద్దరమే ఉన్నాం.

"అక్కా" అంది స్నేహలత. "ఒకటి అడుగుత. ఏమనుకోకు."

"అడుగు."

"నువ్వు నోరు తెరవకపోతే ఈ పాటికి నేను ఉప్పల్‌ల ఉందును. నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"తెలిసే చెప్పినవా?"

నేను పాలగిన్నెలో వేలు తడుపుకున్నాను. ఏదో ఒక జవాబు చెప్పవచ్చు. మొక్కు తప్పితే మంచిది కాదనో, పిల్ల తప్పు లెక్క నేర్చుకుంటుందనో. రెండూ అబద్ధాలు కావు. ఆమె కట్టి పక్కన పెట్టిన కట్టను చేతిలోకి తీసుకుని లెక్కపెట్టాను.

"ఇందుల తొమ్మిదే ఉన్నయి."

"తొమ్మిదెట్లుంటయి? ఏదీ?" ఆమె నా చేతిలోనే ఒక్కొక్కటి జరిపి చూసింది. తొమ్మిదే. ఆమె కట్టలో తక్కువ రావడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె తన ఒడి వైపు చూసింది, దూది అయిపోయింది. చెయ్యి చాచి నా కుప్పలోంచి ఒక వత్తి తీసింది.

"నాది దొడ్డుగుంటది" అన్నాను.

"కాలుతది లే అక్కా."

దాన్ని మిగతా తొమ్మిదింటితో కలిపి, దారం చుట్టి, పళ్లతో తెంపి నా చేతిలో పెట్టింది. మళ్లీ దూది తీసుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను బొగ్గుముక్క పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. ఆ కట్టకు ఏ వరుసలో గీత పెట్టాలో తోచక అక్కడే నిలబడిపోయాను.